వినికిడి నరం మీద గడ్డకు రేడియేషన్: చెవి నిలుస్తుందా అంటే ఇన్ని శాతాలు ఎందుకు?

చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద చిన్న గడ్డ ఉంది, అది క్యాన్సర్ కాదు అని తెలిశాక సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతా సగం చెవి గురించి. రేడియేషన్ ఇస్తే వినికిడి ఉంటుందా, పోతుందా? జవాబు కోసం వెతికితే ఒకచోట నూటికి 80 మందికి నిలిచిందని ఉంటుంది. మరోచోట పదేళ్లు తిరిగేసరికి సగం మందికి కూడా మిగల్లేదని ఉంటుంది. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనిపిస్తుంది. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ‘వినికిడి నిలిచింది’ అన్నప్పుడు దాన్ని ఎలా కొలిచారు, ఎన్నేళ్లకు కొలిచారు, దేనితో పోల్చారు అన్నవి తెలియకపోతే ఆ శాతం ఒట్టి అంకె మాత్రమే.

## గడ్డ పుట్టేది ఎక్కడ

లోపలి చెవి నుంచి మెదడు కాండానికి వెళ్లే ఎనిమిదో కపాల నరంలో ముఖ్యంగా రెండు భాగాలుంటాయి. ఒకటి వినికిడి సంకేతాలను మోస్తుంది, ఇంకొకటి ఒంటి బ్యాలెన్స్‌కు సంబంధించినవి మోస్తుంది. నరానికి తొడుగులా ఉండే కణాలను ష్వాన్ కణాలంటారు. బ్యాలెన్స్ భాగం మీద ఉన్న ఈ కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చేదే ఈ గడ్డ. డాక్టర్లు దీన్ని వెస్టిబ్యులార్ ష్వానోమా అంటారు. పాత రిపోర్టుల్లో అకౌస్టిక్ న్యూరోమా అని కనిపిస్తుంది. రెండూ ఒకటే జబ్బు.

అంటే గడ్డ పుట్టేది సాధారణంగా వినికిడి భాగంలో కాదు, దాని పక్కన. అయినా దెబ్బ చెవికే ఎందుకంటే అక్కడ చోటు తక్కువ. ఈ నరం పుర్రె ఎముకలో దాదాపు ఒక సెంటీమీటరు పొడవున్న సన్నని దారిలోంచి వెళుతుంది. అదే దారిలో ముఖ కండరాలను కదిలించే నరం కూడా ఉంటుంది. లోపలి చెవికి రక్తం తీసుకెళ్లే సన్నని ధమని కూడా అందులోంచే వెళుతుంది. ఎముక సాగదు కాబట్టి గడ్డ కొన్ని మిల్లీమీటర్లున్నా ఒత్తిడి మొదలవుతుంది. చాలామందిలో మొదటి లక్షణం ఒకవైపు చెవి మందగించడం, ఆ చెవిలో హోరు. శబ్దం వినపడుతూనే మాట మాత్రం అర్థం కాకపోవడం ఈ జబ్బులో తరచూ కనిపించే తీరు. ఆ చెవికి ఫోన్ పెట్టుకున్నప్పుడే చాలామంది దీన్ని గుర్తిస్తారు.

ఈ గడ్డలు ఇతర అవయవాలకు పాకవు. పెరిగినా నెమ్మదిగా, సగటున ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయి. కనుగొన్న తర్వాత ఏళ్ల తరబడి అసలు పెరగనివి చాలానే ఉన్నాయి. మరీ పెద్దవై మెదడు కాండాన్ని నొక్కుతున్నవాటికి సాధారణంగా ఆపరేషనే దారి. అక్కడ మొదటి ప్రశ్న ప్రాణాపాయం గురించి ఉంటుంది, చెవి తర్వాత వస్తుంది. వినికిడి గురించి చర్చంతా చిన్న, మధ్యస్థ గడ్డల విషయంలోనే.

## గడ్డ పెరగకపోయినా చెవి తగ్గుతుంది

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. గడ్డ పెరిగితేనే వినికిడి తగ్గుతుందని, పెరగకపోతే ఉన్నది ఉన్నట్టు ఉంటుందని అనుకుంటారు. కానీ వరుస ఎంఆర్‌ఐలలో అంగుళం కాదు కదా మిల్లీమీటరు కూడా పెరగని గడ్డ ఉన్నవాళ్లలోనూ ఏళ్లు గడిచేకొద్దీ వినికిడి తగ్గుతుందని చాలా పరిశీలనల్లో తేలింది. గడ్డ చిన్నదే అయినా చెవి బాగా దెబ్బతిన్నవాళ్లున్నారు. పెద్ద గడ్డ ఉండి చక్కగా వినపడేవాళ్లూ ఉన్నారు.

దీనికి ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. లోపలి చెవికి రక్తం తెచ్చే ధమనికి ప్రత్యామ్నాయ దారి లేదు. దాని ప్రవాహం తగ్గితే కాక్లియాకు, అంటే శబ్దాన్ని నరాల సంకేతాలుగా మార్చే నత్తగుల్ల ఆకారపు భాగానికి, వేరే ఆధారం ఉండదు. ఇది కాక గడ్డ నుంచి వెలువడే కొన్ని పదార్థాలు కాక్లియా కణాలకు హాని చేస్తాయని ప్రయోగశాల పరిశోధనలు సూచిస్తున్నాయి. ఈ గడ్డలు ఉన్నవాళ్లలో లోపలి చెవి ద్రవంలో ప్రోటీన్ పెరుగుతుందన్నది పాత పరిశీలనే. కొన్ని రకాల ఎంఆర్‌ఐ స్కాన్లలో ఆ తేడా కంటికి కనిపిస్తుంది కూడా.

కాబట్టి రేడియేషన్ ఇచ్చిన ఐదేళ్లకు చెవి తగ్గిందంటే, ఆ తగ్గుదలలో రేడియేషన్ వాటా ఎంత, జబ్బు వాటా ఎంత, వయసు వాటా ఎంత అని ఆ ఒక్క మనిషిలో విడదీసి చెప్పే పరీక్ష లేదు. గుంపులను పోల్చి అంచనా వెయ్యాల్సిందే.

## రేడియేషన్ చేసే పని, చెయ్యని పని

రేడియేషన్ ఈ గడ్డను తీసెయ్యదు. దాని కణాలు ఇక విభజన చెందకుండా చేస్తుంది, దానికి రక్తం తెచ్చే నాళాలను క్రమంగా మూస్తుంది. గడ్డ అక్కడే ఉండిపోతుంది. కొన్ని కుంచించుకుపోతాయి, కొన్ని అదే సైజులో ఆగిపోతాయి. ఇక్కడ విజయం అంటే పెరుగుదల ఆగడం. ఆ కొలతలో ఫలితాలు నిజంగా బాగున్నాయి. నూటికి 90కి పైగా గడ్డలు దీర్ఘకాలం అదుపులో ఉంటాయి. అయితే పోయిన వినికిడిని రేడియేషన్ తిరిగి తెస్తుందని ఆశించకూడదు. అరుదుగా ఒకరిద్దరిలో కాస్త మెరుగుపడినా చికిత్స ఉద్దేశం అది కాదు.

ఎన్నో దిక్కుల నుంచి సన్నని కిరణాలను ఒకే బిందువు మీదికి పంపి, అక్కడ మాత్రం ఎక్కువ డోసు పడేలా చెయ్యడాన్ని రేడియోసర్జరీ అంటారు. పేరులో సర్జరీ ఉన్నా కత్తి గాటు ఉండదు. స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ రూపొందించిన గామా నైఫ్‌తో ఈ గడ్డకు తొలి చికిత్స 1969లో స్టాక్‌హోమ్‌లో జరిగింది. ఇప్పటి గామా నైఫ్ యంత్రాల్లో కిరణాలు వెలువరించే 192 కోబాల్ట్-60 మూలాలు ఉంటాయి. సైబర్‌నైఫ్ వంటి ఇతర యంత్రాలు కోబాల్ట్ లేకుండా లీనియర్ యాక్సిలరేటర్‌తో ఇదే పని చేస్తాయి.

డోసును గ్రే అనే ప్రమాణంలో చెబుతారు. వినికిడి చరిత్రలో అసలు మలుపు యంత్రం మారినప్పుడు కాదు, డోసు తగ్గినప్పుడు వచ్చింది. తొలి దశాబ్దాల్లో గడ్డ అంచుకు 16 నుంచి 20 గ్రేలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఇచ్చేవారు. గడ్డ ఆగేది కానీ ముఖం ఒకవైపు బలహీనపడటం, చెవి పోవడం ఎక్కువగా జరిగేవి. 1990ల్లో అంచు డోసును 12, 13 గ్రేలకు దించారు. గడ్డ అదుపులో పెద్దగా తేడా రాలేదు. ముఖ నరం దెబ్బతినడం బాగా అరుదైపోయింది, వినికిడి ఫలితాలు కూడా మెరుగుపడ్డాయి. అందుకని ఎక్కువ డోసు ఇచ్చిన ఆ తొలి రోజుల నాటి గణాంకాలు చదివి ఇప్పటి చికిత్సను అంచనా వేస్తే లెక్క తప్పుతుంది.

ఇంకో విషయం. చికిత్స తర్వాత సుమారు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య చాలా గడ్డలు తాత్కాలికంగా ఉబ్బుతాయి. స్కాన్‌లో సైజు పెరిగినట్టు కనిపిస్తుంది. చికిత్స విఫలమైందని కంగారు పడేది ఎక్కువగా ఈ సమయంలోనే. తర్వాతి స్కాన్లలో ఎక్కువ శాతం వాటంతటవే తగ్గుతాయి. అయితే కొందరిలో చెవి ఒక్కసారిగా తగ్గడం కూడా ఈ కాలంలోనే కనిపిస్తుంది.

## వినికిడిని రెండు సంఖ్యలతో కొలుస్తారు

మొదటి సంఖ్య శబ్దానికి సంబంధించింది. వేర్వేరు పౌనఃపున్యాల దగ్గర ఎంత సన్నని శబ్దం వినపడుతుందో డెసిబెల్స్‌లో కొలిచి సగటు తీస్తారు. సంఖ్య ఎంత పెద్దదైతే వినికిడి అంత తక్కువ. డెసిబెల్ మామూలు కూడికల స్కేలు కాదు. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లు, 30 పెరిగితే వెయ్యి రెట్లు.

రెండో సంఖ్య మాటకు సంబంధించింది. సౌకర్యంగా వినపడే స్థాయిలో కొన్ని పదాలు వినిపించి, ఎన్ని సరిగ్గా తిరిగి చెప్పారో శాతంలో రాస్తారు. 50 పదాల్లో 40 చెబితే 80 శాతం. నరం సంబంధమైన జబ్బుల్లో ఈ రెండో సంఖ్యే ఎక్కువ విషయం చెబుతుంది. శబ్దం పెంచితే మొదటి లోటును కొంత పూడ్చవచ్చు. నరం సంకేతాన్నే చెదరగొడుతుంటే ఎంత గట్టిగా వినిపించినా మాట స్పష్టపడదు.

ఈ రెండింటినీ కలిపి గీసిన గీతే ‘పనికొచ్చే వినికిడి’. 1988లో వచ్చిన గార్డ్నర్–రాబర్ట్‌సన్ వర్గీకరణ ప్రకారం సగటు 50 డెసిబెల్స్ లోపు, మాటల స్కోరు 50 శాతం లేదా అంతకు మించి ఉంటే ఆ చెవి మొదటి రెండు తరగతుల్లోకి వస్తుంది. అలాంటి చెవిని పనికొచ్చే చెవి అంటారు. రేడియేషన్ తర్వాత ‘నూటికి ఇంతమందికి వినికిడి నిలిచింది’ అని చదివినప్పుడు ఎక్కువగా దాని అర్థం ఇదే: మొదట గీతకు ఇటు ఉన్నవాళ్లలో ఇంతమంది ఇంకా ఇటే ఉన్నారు.

ఇది పాస్ మార్కు లాంటిది, పాస్ మార్కుకున్న లోపాలన్నీ దీనికీ ఉన్నాయి. రెండు చెవులను ఊహించండి. మొదటి వ్యక్తికి చికిత్సకు ముందు సగటు 15 డెసిబెల్స్, మాటల స్కోరు 96 శాతం. ఐదేళ్లకు 47 డెసిబెల్స్, 60 శాతం. రెండో వ్యక్తికి ముందు 46 డెసిబెల్స్, 54 శాతం. ఐదేళ్లకు 52 డెసిబెల్స్, 48 శాతం. లెక్కల్లో మొదటి వ్యక్తికి వినికిడి ‘నిలిచింది’, రెండో వ్యక్తికి ‘పోయింది’. కానీ మొదటి వ్యక్తి 32 డెసిబెల్స్ పోగొట్టుకున్నాడు. గుసగుస కూడా వినగలిగినవాడు ఇప్పుడు గుంపులో మాట పట్టుకోలేకపోతాడు. రెండో వ్యక్తికి తగ్గింది 6 డెసిబెల్స్, 50 పదాల్లో మూడు పదాలు. అదే పరీక్ష వారం తర్వాత మళ్లీ చేసినా ఆ మాత్రం తేడా రావచ్చు. రోజువారీ జీవితంలో పెద్ద మార్పు చూసినవాడు విజయాల జాబితాలో ఉంటాడు, దాదాపు ఏ మార్పూ లేనివాడు వైఫల్యాల్లో చేరతాడు.

సగటు తీసే పద్ధతిలోనూ తేడాలున్నాయి. ఒక చెవికి 500 హెర్ట్జ్ దగ్గర 20, 1000 దగ్గర 25, 2000 దగ్గర 40, 3000 దగ్గర 55 డెసిబెల్స్ వచ్చాయనుకుందాం. మొదటి మూడింటి సగటు తీస్తే 28. నాలుగూ కలిపితే 35. మొదటి తరగతికి హద్దు 30. ఒకే చెవి, ఒకే రోజు, ఒకే పరీక్ష. ఒక లెక్కలో మొదటి తరగతి, ఇంకో లెక్కలో రెండో తరగతి. ఈ గడ్డలు మొదట హెచ్చు పౌనఃపున్యాలనే ఎక్కువగా దెబ్బతీస్తాయి కాబట్టి 3000ను వదిలేసిన సగటు కాస్త అందంగానే కనిపిస్తుంది.

## రెండేళ్ల శాతం, పదేళ్ల శాతం

అమెరికాలోని కాంగ్రెస్ ఆఫ్ న్యూరలాజికల్ సర్జన్స్ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో బాగా ఉపయోగపడతాయి. అవి ఒక్క కచ్చితమైన అంకె చెప్పకుండా విశాలమైన శ్రేణులు ఇచ్చాయి. ఉన్న ఆధారాలకు అదే నిజాయితీగల పద్ధతి. పనికొచ్చే వినికిడితో మొదలై, 13 గ్రేలు మించని డోసుతో రేడియోసర్జరీ చేయించుకున్నవాళ్లలో అది రెండేళ్లకు 50 నుంచి 75 శాతం మందిలో నిలుస్తుంది. ఐదేళ్లకూ అదే శ్రేణి. పదేళ్లకు 25 నుంచి 50 శాతానికి పడిపోతుంది. మొదట్లో వినికిడి చాలా బాగున్నవాళ్లను విడిగా చూస్తే రెండేళ్లకు 75 శాతం పైమాటే. కానీ పదేళ్లకు వాళ్లు కూడా 25–50 శాతం శ్రేణిలోకే వస్తారు.

అంటే 80 శాతం అన్నవారు బాగా వినపడేవాళ్లను రెండేళ్లపాటు చూసి చెప్పి ఉండొచ్చు. సగం కూడా మిగల్లేదన్నవారు అందరినీ పదేళ్లు చూసి ఉండొచ్చు. ఇద్దరికీ పేచీ లేదు.

పేచీ లేకపోయినా మోసపోయే అవకాశం మాత్రం ఉంది. ఊహించిన ఒక లెక్క చూడండి. ఒక ఆస్పత్రిలో 100 మందికి రేడియేషన్ ఇచ్చారు. వారిలో 40 మందిని పదేళ్లు గమనించారు, 24 మందికి వినికిడి పోయింది. మిగతా 60 మంది ఇటీవల చేరినవాళ్లు. వారిని చూసింది రెండేళ్లే, అందులో ఆరుగురికి పోయింది. మొత్తం పోయింది 30 మందికి కాబట్టి ‘70 శాతం మందికి నిలిచింది’ అని రాయొచ్చు, అందులో అబద్ధం లేదు. కానీ పదేళ్లు చూసిన 40 మందిలో నిలిచింది 16 మందికి, అంటే 40 శాతానికి. కొత్తగా చేరేవాళ్లు ఎక్కువవుతున్న కొద్దీ మొదటి శాతం ఇంకా మెరుగుపడుతూ పోతుంది, చికిత్సలో ఏ మార్పూ లేకుండానే. అందుకే గమనించిన కాలాన్ని లెక్కలోకి తీసుకునే గణాంక పద్ధతితో, ఏడాదివారీగా ఇచ్చిన శాతాలకే విలువ ఎక్కువ.

## ఊరికే గమనిస్తూ ఉంటే ఏమయ్యేది?

పదేళ్లకు సగం మందికి కూడా నిలవదంటే రేడియేషన్ చెవిని పాడుచేస్తుందనే తీర్పు ఇచ్చెయ్యాలనిపిస్తుంది. అదే 2018 మార్గదర్శకాల్లో ఏ చికిత్సా లేకుండా స్కాన్లతో గమనిస్తూ ఉన్నవాళ్ల శ్రేణులు కూడా ఉన్నాయి. రెండేళ్లకు 75 శాతం పైన, ఐదేళ్లకు 50–75, పదేళ్లకు 25–50. చివరి రెండూ రేడియేషన్ శ్రేణులే. తొలి రెండేళ్లలోనే తేడా కనిపిస్తుంది. చెవిని కాపాడే పద్ధతిలో చేసిన ఆపరేషన్‌కు లెక్క మరోలా ఉంటుంది: ఆపరేషన్ అయిన వెంటనే 25–50 శాతం, ఆ తర్వాత పదేళ్ల వరకూ అదే శ్రేణి. అంటే పోయేది చాలావరకు ఆ రోజే పోతుంది, మిగిలినవాళ్లలో ఎక్కువమందికి నిలకడగా ఉంటుంది.

ఈ శ్రేణులను పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో తేల్చెయ్యడం కూడా సరికాదు. ఏ రోగికి ఏది ఇచ్చారో చీటీ వేసి నిర్ణయించలేదు. గడ్డ పెరుగుతున్నవాళ్లు రేడియేషన్‌కు ఎక్కువగా వెళతారు, పెరగనివాళ్లు గమనింపులో ఉండిపోతారు. మొదలే వేరైన గుంపులవి.

చీటీ వేసి పంచిన ప్రయోగం ఒకటి నార్వేలోని బెర్గెన్‌లో జరిగింది, వీ-రెక్స్ అని పేరు. ఫలితాలు 2023లో వచ్చాయి. కొత్తగా బయటపడిన, రెండు సెంటీమీటర్ల లోపు గడ్డలున్న 100 మందిలో సగం మందికి వెంటనే రేడియోసర్జరీ చేశారు. మిగతా సగాన్ని స్కాన్లతో గమనిస్తూ, గడ్డ పెరిగితేనే చికిత్స ఇచ్చారు. నాలుగేళ్లకు మొదటి గుంపులో గడ్డ ఘనపరిమాణం మొదట్లో ఉన్నదానికి 0.87 రెట్లు, రెండో గుంపులో 1.51 రెట్లు. గడ్డ విషయంలో రేడియేషన్ స్పష్టంగా గెలిచింది. వినికిడిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గమనింపు గుంపులో సగానికి పైగా జనానికి ఆ నాలుగేళ్లలో ఏ చికిత్సా అవసరం పడలేదు.

ఈ ఫలితాన్ని రెండు వర్గాలూ తమకు అనుకూలంగా చదువుతాయి, ఇద్దరి దగ్గరా పాయింటు ఉంది. రేడియేషన్ వల్ల చెవికి అదనపు నష్టం కనిపించలేదు కదా, గడ్డ చిన్నగా ఉన్నప్పుడే ఆపెయ్యడం మంచిది కదా అని ఒకరు. చెవికి అదనపు లాభమూ కనిపించలేదు కదా, సగం మందికి అవసరమే పడని చికిత్స అందరికీ ముందే ఎందుకు అని ఇంకొకరు. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ బృందం చాలాకాలంగా మొదటి వైపు ఉంది. ఎముక దారి దాటని చిన్న గడ్డలకు ముందే గామా నైఫ్ చేసినవాళ్లలో వినికిడి ఎక్కువకాలం నిలిచిందని వారు 2010లో ప్రచురించిన పరిశీలన చెప్పింది. అది చీటీ వేసి చేసింది కాదు. వీ-రెక్స్ చీటీ వేసి చేసిందే అయినా దాని కాలం నాలుగేళ్లు. ఈ జబ్బులో చెవి లెక్క తేలడానికి నాలుగేళ్లు తక్కువ. నా అంచనాలో, చెవి కోసమే తొందరపడి రేడియేషన్ తీసుకోవాలనడానికీ, చెవి కోసమే దాన్ని తప్పించుకోవాలనడానికీ ఇప్పుడున్న ఆధారం సరిపోదు. నిర్ణయం ఎక్కువగా గడ్డ తీరును బట్టి, వయసును బట్టి, ఎదురుచూపుల టెన్షన్‌ను మనిషి ఎంత మోయగలడన్నదాన్ని బట్టి జరుగుతుంది.

## కాక్లియా మీద పడే డోసు

రేడియేషన్ వాటా ఎంతో కచ్చితంగా చెప్పలేకపోయినా ఆ వాటాను తగ్గించే ప్రయత్నం మాత్రం చెయ్యొచ్చు. అందులో అందరి దృష్టీ పడింది కాక్లియా మీదే. అది ఎముక దారి చివరే ఉంటుంది. గడ్డ ఆ చివరి దాకా నిండి ఉంటే కాక్లియాకు దూరం కొన్ని మిల్లీమీటర్లే. గడ్డ అంచున 12 గ్రేలు ఉన్నా కొన్ని మిల్లీమీటర్ల దూరంలో డోసు వేగంగా పడిపోతుంది. ఆ పతనం కాక్లియాకు ముందే జరుగుతుందా, తర్వాతా అన్నదే ప్లానింగ్‌లో కొట్లాట.

కాక్లియా మధ్యభాగానికి 4.2 గ్రేల కంటే తక్కువ పడ్డవాళ్లలో వినికిడి మెరుగ్గా నిలిచిందని అమెరికాలోని పిట్స్‌బర్గ్ బృందం 2009లో చెప్పింది. అప్పటి నుంచి ‘కాక్లియా సగటు 4 గ్రేల లోపు’ అనేది చాలా కేంద్రాల్లో లక్ష్యంగా మారింది. ఇది దాటితే చెవి పోతుంది, దాటకపోతే ఉంటుంది అనే గోడ కాదు. పైగా ఇందులో ఓ చిక్కుముడి ఉంది. కాక్లియాకు ఎక్కువ డోసు పడేది ఎక్కువగా గడ్డ చివరి దాకా నిండినప్పుడు. అలాంటి గడ్డ రేడియేషన్ లేకపోయినా చెవిని ఎక్కువ దెబ్బతీసేదే కావచ్చు. అప్పుడు నేరం డోసుదా, గడ్డ ఉన్న చోటుదా? రెండూ కలిసే వస్తాయి కాబట్టి విడదీయడం కష్టం. కొన్ని పరిశీలనల్లో కాక్లియా డోసు స్పష్టమైన కారణంగా తేలింది. కొన్నింటిలో వయసు, మొదట్లో ఉన్న వినికిడి వంటివి లెక్కలోకి తెచ్చాక దాని ప్రభావం పల్చబడింది.

కాక్లియాను తప్పించడానికి ఇచ్చే మూల్యం కూడా ఉంది. గడ్డ కొసను కొంచెం తక్కువ డోసుతో వదిలేస్తే కాక్లియా సురక్షితం, కానీ ఆ కొసలో పెరుగుదల ఆగకపోవచ్చు. తర్వాత మళ్లీ చికిత్స చెయ్యాల్సి వస్తే మొదట కాపాడిన చెవి కూడా దక్కదు. అందుకే గడ్డకు పూర్తి డోసు తగ్గించకుండా వీలైనంత వరకు కాక్లియాను తప్పించడమే ఎక్కువమంది పాటించే క్రమం.

## ఒక్క రోజులోనా, విడతలుగానా

ఒకే రోజు 12 లేదా 13 గ్రేలు ఇవ్వడం ఒక పద్ధతి. ఐదు రోజుల్లో మొత్తం 25, మూడు రోజుల్లో 18, లేదా ఐదారు వారాలపాటు రోజుకు 1.8 చొప్పున 50కి పైగా ఇవ్వడం మిగతా పద్ధతులు. ‘25 అంటే 12.5కి రెట్టింపు కదా, చెవికి రెట్టింపు నష్టం కదా’ అని చాలామంది భయపడతారు. డోసు అలా కూడదు. విడతల మధ్య మామూలు కణాలు తమను తాము కొంత బాగుచేసుకుంటాయి.

దీన్ని అంచనా వెయ్యడానికి ఒక సూత్రం వాడతారు. ఒక విడత డోసును 3తో భాగించి, దానికి ఒకటి కలిపి, మొత్తం డోసుతో గుణించాలి. ఇక్కడ 3 అన్నది నెమ్మదిగా స్పందించే కణజాలానికి సాధారణంగా తీసుకునే విలువ. ఒకే విడతలో 12 గ్రేలకు: 12 × (1 + 4) = 60. ఐదు విడతల్లో 25కి: 25 × (1 + 1.67) = సుమారు 67. రోజుకు 1.8 చొప్పున 28 రోజులు, మొత్తం 50.4కి: 50.4 × 1.6 = సుమారు 81. గ్రేలలో నాలుగు రెట్ల తేడా కనిపించినవి ఈ లెక్కలో దగ్గరదగ్గరికి వచ్చాయి. ఒకే విడతలో పెద్ద డోసు ఇచ్చినప్పుడు ఈ సూత్రాన్ని ఎంతవరకు నమ్మాలన్న దానిపై నిపుణుల్లో భేదాభిప్రాయం ఉంది కాబట్టి ఇది దిశ చూపేంతవరకే.

విడతలు చెవిని మెరుగ్గా కాపాడతాయా? సిద్ధాంతం అవునంటుంది. విడివిడిగా వచ్చిన కొన్ని ఫలితాలూ అలా కనిపించాయి. కానీ ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు స్పష్టమైన ఆధిక్యం నిలబడలేదు. ప్రోటాన్ కణాల కిరణాలతో ఇచ్చే ప్రోటాన్ చికిత్స విషయంలోనూ అంతే, ఖరీదైన యంత్రం అనగానే చెవికి మేలు అని అనుకోవడానికి లేదు.

## ఎవరికి ఎక్కువ అవకాశం

మిగతా అన్నిటి కంటే గట్టిగా పనిచేసే సూచిక ఒకటే: చికిత్స నాటికి ఉన్న వినికిడి. మాటల స్కోరు నూటికి దగ్గరగా ఉన్న చెవికి చాలా దూరం జారేంత జాగా ఉంది. గీత దగ్గర ఉన్న చెవికి ఒక్క మెట్టు చాలు. వయసు తక్కువగా ఉండటం, గడ్డ చిన్నగా ఉండటం, కాక్లియాకు తక్కువ డోసు పడటం కూడా మంచి వైపే తూగుతాయి.

రెండు చెవుల్లోనూ గడ్డలు వచ్చే జన్యుపరమైన జబ్బు, న్యూరోఫైబ్రోమాటోసిస్ రకం 2, పూర్తిగా వేరే కథ. అక్కడ రేడియేషన్ ఫలితాలు అంత బాగుండవు, పోగొట్టుకోవడానికి రెండో మంచి చెవి ఉండదు. బెవాసిజుమాబ్ అనే మందుతో వారిలో కొందరికి గడ్డ కుంచించుకుపోయి వినికిడి మెరుగుపడినట్టు 2009లో మొదటిసారి ప్రచురితమైంది. ఒకవైపు గడ్డ ఉన్నవారి శాతాలను వారికి వర్తింపజెయ్యకూడదు, వారివి వీరికీ వర్తించవు.

## చెవి తగ్గితే ఏం మిగులుతుంది

చికిత్స తర్వాత వినికిడి హఠాత్తుగా పడితే స్టెరాయిడ్లు ఇచ్చి చూస్తారు. కొందరిలో కొంత తిరిగొస్తుంది. నెమ్మదిగా ఏళ్ల మీద తగ్గేదాన్ని ఆపే మందు మాత్రం లేదు.

మాటల స్కోరు ఇంకా బాగున్న చెవికి మామూలు హియరింగ్ ఎయిడ్ పనిచేస్తుంది. స్కోరు బాగా పడిపోయాక అది చెదిరిన మాటనే గట్టిగా వినిపిస్తుంది, అంతే. అప్పుడు ఆ వైపు శబ్దాన్ని మైక్రోఫోన్‌తో పట్టి మంచి చెవికి పంపే క్రాస్ పరికరాలు ఉంటాయి. ఎముక ద్వారా శబ్దాన్ని అవతలి చెవికి చేర్చే పరికరాలూ ఉంటాయి. ఇవి ఆ వైపు నుంచి పిలిచినవాళ్ల మాట వినపడేలా చేస్తాయి. కానీ వింటున్నది ఒక్క చెవే కాబట్టి శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పలేరు, గోలలో మాట విడదీయడం కష్టంగానే ఉంటుంది.

రెండు చెవులతో వినే అనుభవాన్ని కొంతైనా తిరిగి తేగలిగేది కాక్లియర్ ఇంప్లాంట్, అంటే కాక్లియాలో అమర్చి విద్యుత్ సంకేతాలతో వినికిడి నరాన్ని నేరుగా ప్రేరేపించే పరికరం. అది పనిచెయ్యాలంటే వినికిడి నరం తెగకుండా ఉండాలి. రేడియేషన్‌లో నరాన్ని కొయ్యరు కాబట్టి చెవి పూర్తిగా పోయినా ఆ దారి కొందరికి మిగులుతుంది. అయితే గడ్డ ఉన్న నరం సంకేతాన్ని ఎంత బాగా మోస్తుందో ముందే చెప్పలేం, ఫలితాలు మనిషికీ మనిషికీ చాలా మారతాయి. నరమే మిగలనివారికి మెదడు కాండం మీద నేరుగా అమర్చే ఇంప్లాంట్ ఉంది. 1979లో లాస్ ఏంజిలెస్‌లో మొదటిసారి అమర్చింది న్యూరోఫైబ్రోమాటోసిస్ రోగికే. అది శబ్దం ఉనికిని, పెదవుల కదలికతో కలిపి మాటను పట్టుకోవడాన్ని సులువు చేస్తుంది. మామూలు వినికిడికి మాత్రం చాలా దూరం.

కాక్లియర్ ఇంప్లాంట్‌తో ఇంకో చిక్కు ఉంది. అందులో అయస్కాంతం ఉంటుంది. ఎంఆర్‌ఐ తీస్తే దాని చుట్టూ చిత్రంలో నల్లని మచ్చ పడుతుంది, గడ్డ ఉన్నది సరిగ్గా ఆ వైపే. రేడియేషన్ తీసుకున్నవాళ్లు ఏళ్ల తరబడి స్కాన్లు తీయించుకుంటూనే ఉండాలి. కాబట్టి ఇంప్లాంట్ పెట్టే ముందు అయస్కాంతాన్ని మామూలు కంటే వెనక్కి జరిపి అమర్చడం, ఆ మచ్చను తగ్గించే ప్రత్యేక స్కాన్ పద్ధతులు వాడటం, గడ్డ కొన్నేళ్లు కదలకుండా ఉందని చూశాకే ఇంప్లాంట్ గురించి ఆలోచించడం వంటివి సర్జన్, రేడియాలజిస్ట్ కలిసి తేల్చుకుంటారు.